నాలుగు చేతుల జిగురు

ఈ వీధిలో అందరూ జిగురమ్మ అని పిలిచే నేను, యుకులేలేలు అనే నాలుగు తీగల వాద్యాలు కట్టే కార్ఖానాకు యజమానురాలిని, దాన్ని మొదలుపెట్టిన మనిషికి భార్యను, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో వేళ్లు సహకరించినంత మేర సొంత చేతిరాతతో రాసి పెడుతున్నాను. నా బుద్ధి సరిగ్గానే ఉంది. ఆ సంగతి ధ్రువపరచడానికి వచ్చిన డాక్టరుగారు ఇవాళ ఏ వారమని నన్ను అడిగారు. సోమవారమని చెప్పి, ఆయన చేతి గడియారం ఆగిపోయిందని కూడా చెప్పాను. ఆయన దాన్ని చెవికి ఆనించుకుని విన్నారు. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టే ధైర్యం చేసిన ఒకే ఒక్క మనిషి పోయి చాలాకాలమైంది. ఆయన కూడా ఒక్కసారీ నెగ్గింది లేదు.

ఇంతకుముందు రాసిన వీలునామాలు రెండూ ఇందుమూలంగా రద్దు. మొదటిదాంట్లో కార్ఖానా మొత్తం మా అబ్బాయికి రాశాను. రెండోదాంట్లో మొత్తం మా మనవరాలికి రాశాను. రెండూ కోపంలో రాసినవే. ఇది కోపం లేనప్పుడు రాస్తున్నాను కాబట్టి పొడుగ్గా ఉంటుంది. సొంత అభిప్రాయాలు తగ్గించమని లాయరుగారు కోరారు. తగ్గించాను. తగ్గించగా మిగిలినవి ఇవి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మ్యూజిక్ టీచరుగారికి అప్పగిస్తున్నాను. మా దగ్గర కొన్న మొదటి వాద్యాన్ని ఆవిడ ఇప్పటికీ వాయిస్తున్నారు. శ్రుతి తప్పితే మొహమాటం లేకుండా మొహం మీదే చెబుతారు. నేను పోయాక ఈ ఇంటికి అలాంటి మనిషి అవసరం పడుతుంది. ఆవిడ ఈ పత్రాన్ని కార్ఖానాలో, పెద్ద బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి, పైకి చదవాలి. మధ్యలో ఎవరైనా లేచి వెళ్లబోతే మళ్లీ మొదటినుంచి చదవాలి. ఆవిడకు పిల్లలతో అలవాటే.

2. మా కోడలికి కొత్త గ్యాస్ స్టవ్ ఒకటి కొని ఇవ్వాలి. కాపురానికి వచ్చిన మొదటి వారంలో వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీదున్న గిన్నె మూత తీసి, "అత్తయ్యా, ఇదేం కూరండీ?" అని అడిగింది. అది జిగురు. ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసిన జిగురును నీళ్లలో నానబెట్టి, సన్నటి వేడి మీద కరిగిస్తున్నాను. ఆ పిల్ల మూత పెట్టేసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్క పొయ్యి మీద వంట చేసింది. ఇన్నేళ్లూ అలాగే చేసింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా నాకు వినపడుతూనే ఉంది. కొత్త స్టవ్ మీద వంట తప్ప మరేదీ పెట్టరాదు. ఇది షరతు.

3. మా మరిదికి, అంటే మా ఆయన తమ్ముడికి, మంచి గిటారు ఒకటి. మా పెళ్లయిన ఏడాది నుంచి నిన్నటిదాకా ఆయన ఈ గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ, "ఏం వదినా, బొమ్మ గిటార్లు ఎలా ఉన్నాయి?" అని పలకరించారు. యుకులేలేకు తీగలు నాలుగు, గిటారుకు ఆరు. ఒకటి పెరిగితే రెండోది అవదు. ఆయన కూర్చుని ఆ గిటారు నేర్చుకోవాలి. వేళ్లు కాయలు కాచాక తేడా ఆయనకే తెలుస్తుంది. తెలిసినట్టు మాత్రం ఒప్పుకోరు. ఫరవాలేదు.

4. మా అమ్మాయికి నా గదిలోని గోడ గడియారం, చదువుకునే బల్ల, పుస్తకాలు అన్నీ సర్వహక్కులతో చెందుతాయి. ఇంకొకటి కూడా దానికి ఇస్తున్నాను, దాని సంగతి ఏడో అంశంలో ఉంది. ఇది కాక, ఈ పత్రం ద్వారా దానిని ఒక ఉద్యోగం నుంచి విడుదల చేస్తున్నాను. దాని అన్నా, దాని కూతురూ మాట్లాడుకోవడం మానేసినప్పటి నుంచి, "మీ అమ్మాయితో చెప్పు, నా చిత్రిక ముట్టుకోవద్దని" అని ఒకరూ, "మీ అన్నయ్యతో చెప్పు, నా ప్లగ్గు పీకొద్దని" అని ఇంకొకరూ. మధ్యలో ఇది. ఇకపై వాళ్ల మాటలు మోయాల్సిన బాధ్యత దానికి లేదు. ఎవరైనా ఇవ్వబోతే తీసుకోకుండా తిప్పి పంపవచ్చు.

5. ఇక అచ్చు సంగతి. వాళ్లిద్దరూ మాటలు మానేసింది దాని గురించే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

యుకులేలే ఒంటికి నడుము ఉంటుంది. పక్క పలకలను తడిపి, వేడి గొట్టం మీద ఆనించి కొద్దికొద్దిగా వంచి, ఆ వంపు నిలబడేలా ఒక చెక్క అచ్చు చుట్టూ బిగించి ఆరనిస్తారు. అచ్చు ఎలా ఉంటే వాద్యం అలా వస్తుంది. మా కార్ఖానా అచ్చు మా ఆయన సొంతంగా చెక్కింది. ఆయన పోయాక, వేరే ఊళ్లో ఫర్నిచర్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న మా అబ్బాయి ఉద్యోగం మానేసి వచ్చి పని అందుకున్నాడు. ఆ అచ్చు తీసి కళ్లకద్దుకున్నాడు. దానికి ఎడమ సగం కుడి సగం కంటే కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్లకూ అది చూపించి, "ఆ పక్క పొట్ట ఎందుకనుకున్నారండీ? మంద్ర స్వరాలకు చోటు కావద్దూ? మా నాన్నగారి రహస్యం అది" అని చెబుతాడు. విన్నవాళ్లు తలలూపుతారు. కొంతమంది ఫొటో తీసుకుంటారు.

మా మనవరాలు చిట్టి ఇంజనీరింగ్ చదివి వచ్చింది. కార్బన్ ఫైబర్‌తో, అంటే కాలిస్తే తప్ప చావని ఒక నల్లటి గుడ్డతో, యుకులేలేలు చేస్తుంది. అవి వానకు ఉబ్బవు, ఎండకు పగలవు. అది వచ్చీ రాగానే అచ్చును మిషను కింద పెట్టి కొలిచి, "మావయ్యా, నీ అచ్చు వంకర" అంది. "వంకర నీ బుర్రలో ఉందే" అన్నాడు మా వాడు. చిట్టి రెండు వైపులా కొలతలు కలిపి, సగటు తీసి, వంకర లేని అచ్చును ప్లాస్టిక్‌తో అచ్చుగుద్దినట్టు తయారుచేసి బల్ల మీద పెట్టింది. మా వాడు దాన్ని చెత్తబుట్టలో పెట్టాడు. మర్నాడు కార్ఖానా మధ్యలోకి బీరువా వచ్చింది. కిటికీ వైపు ఆయనగారు, ప్లగ్గు వైపు ఈవిడగారు. ఈయన రంపం పొట్టు ఎగిరి ఆవిడ మిషన్లో పడుతుంది. ఆవిడ మిషను రొదకు ఈయన పలకను వేలితో తట్టి వినాలంటే ఏమీ వినపడదు. బీరువా వల్ల ఇద్దరికీ వచ్చిన లాభం మొహాలు కనపడకపోవడం.

ఇప్పుడు నిజం రాస్తాను. మా ఆయన మొదటిసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్ద వాన కురిసి కార్ఖానా కప్పు ఒక మూల కారింది. ఆ మూల అరలోనే అచ్చు ఉంది. ఎడమ సగం నీళ్లలో నానింది, నాని ఉబ్బింది. ఆయన ఇంటికి వచ్చి, దాన్ని చేత్తో తడిమి, "దీని పని అయిపోయిందోయ్. కొత్తది చెక్కుకోవాలి" అన్నారు. చెక్కుకోలేదు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లారు.

అందుచేత మా అబ్బాయి ఇన్నేళ్లుగా తండ్రి రహస్యమని కాపాడుతున్నది కారిన కప్పును. మా మనవరాలు సైన్సు ప్రకారం సరిచేశానని అనుకుంటున్నది ఆ వాపును రెండు వైపులా సమానంగా పంచిపెట్టడం. కుడివైపు ఒక్కటే సరైనది. నేను భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని, పైగా వాన పడిన రోజు ఇంట్లో ఉన్నదాన్ని. అడిగితే చెప్పేదాన్ని. ఇద్దరూ ఎవరిది ఒప్పో తీర్పు చెప్పమని నా దగ్గరికి వచ్చారు కానీ, అచ్చుకు ఏమైందని మాత్రం ఎవరూ అడగలేదు.

6. జిగురు గిన్నె మా అబ్బాయికి. విప్పే కత్తి చిట్టికి.

ఎందుకో రాయకుండా ఇస్తే ఇద్దరూ తారుమారు అయిందనుకుంటారు. ఈ కార్ఖానాలో కట్టడం మా ఆయన పని, విప్పడం నా పని. పగిలిందీ, లోపల ఊడిందీ, ఎవరో దాని మీద కూర్చుని లేచిందీ, అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. తోలు జిగురు గొప్పంతా అతకడంలో లేదు, వదలడంలో ఉంది. సన్నటి కత్తిని వేడినీళ్లలో ఉంచి, అతుకు మీద కాస్త తడి చూపించి నెమ్మదిగా దూరిస్తే, మర్యాదగా వదిలేస్తుంది. లోపల బాగుచేసి మళ్లీ మూసేయవచ్చు. కాకపోతే అది వేడిగా ఉన్నంతసేపే జిగురు. చల్లారడం మొదలైతే గడ్డకడుతుంది. అందుకని వెనక పలక మూసేటప్పుడు ఒకరు జిగురు పూస్తూ పోవాలి, ఇంకొకరు వెనకాలే పలకను కదలకుండా పట్టి ఉంచే క్లాంపులు బిగిస్తూ రావాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఆయన పూసేవారు, నేను బిగించేదాన్ని. మా కాపురంలో మేమిద్దరం పోట్లాడుకోనిది ఆ కాసేపే. తీరిక లేక.

ఆయన పోయాక అబ్బాయి పూశాడు, నేను బిగించాను. తర్వాత నా వేళ్లు క్లాంపు మరలు తిప్పడం మానేశాయి. ఈ మధ్య మా వాడు కట్టిన వాద్యం ఒకటి మరమ్మతుకు వచ్చింది. కత్తి దిగలేదు. ఇంకాస్త వేడి చేశాను. దిగలేదు. వాసన చూశాను. అది తోలు జిగురు కాదు, సీసాలో అమ్మే తెల్ల జిగురు. నా చేతులు ఆగిపోయినప్పటి నుంచి మా వాడు వెనక పలకలన్నీ ఒక్కడే సీసా జిగురుతో మూస్తున్నాడు. తోలు జిగురు గిన్నె మాత్రం రోజూ పొయ్యెక్కుతుంది, వచ్చినవాళ్లకు వాసన రావాలి కాబట్టి.

నాన్నా, ఈ ముక్క చదివేటప్పుడు నువ్వు కిటికీలోంచి బయటకు చూడవచ్చు. తప్పు పట్టడం లేదు. నాలుగు చేతుల పనిని రెండు చేతులతో చేయాల్సి వస్తే ఎవరైనా సీసా మూతే తీస్తారు. సాయం అడగడానికి మనిషి బీరువా అవతలే ఉంది. నువ్వు అడగలేదు, అంతే.

చిట్టి తన నల్ల వాద్యానికి వెనక పలకను చిన్న చిన్న మరలతో బిగించింది. తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఒక్క స్క్రూడ్రైవరు చాలు అమ్మమ్మా. నీ వేళ్లు నొప్పి పుట్టవు" అంది. వాద్యం కట్టేటప్పుడే దాన్ని రేపు విప్పబోయే మనిషి గురించి ఆలోచించడం ఈ ఇంట్లో మా ఆయనకు ఉండేది. తర్వాత చిట్టిలోనే చూశాను. అయినా ఉన్న మాట అనాలి. మూడో తీగ మీద ఒక స్వరం దగ్గర ఆ మరలు దోమలా రొద పెడతాయి. "అది ఎవరికీ వినపడదులే అమ్మమ్మా" అంది. నాకు వినపడింది. ఇది చదువుతున్న మ్యూజిక్ టీచరుగారికీ వినపడింది, కావాలంటే ఇక్కడ ఆగి అడగవచ్చు.

పాతకాలపు పద్ధతి నాదని మా వాడూ, కొత్త పద్ధతి నాదని చిట్టీ వీధిలో చెప్పుకుంటున్నారు. నా బల్ల మీదికి వచ్చినవాటిని బట్టి చూస్తే ఆ పంపకం సరిగ్గా జరగలేదు.

7. కార్ఖానాను, స్థలంతోనూ సామగ్రితోనూ సహా, మా అబ్బాయికీ మా మనవరాలికీ సమానంగా, మధ్యలో గోడ గానీ బీరువా గానీ లేకుండా, కింది షరతు మీద ఇస్తున్నాను.

నా మంచం పక్క మేకుకు ఒక యుకులేలే వేలాడుతుంది. మా పెళ్లయిన కొత్తలో మా ఆయన నాకోసం కట్టింది. అంటే అచ్చు నానకముందుది. లోపల ఒక బద్ద ఊడి చాలాకాలంగా గిలక్కాయలా మోగుతోంది. ఊళ్లో అందరివీ విప్పాను, నాది మాత్రం విప్పలేదు. విప్పడం తెలియక కాదు. దాన్ని మూసినప్పుడు జిగురు పూసిన చేతులు ఆయనవి. విప్పితే మళ్లీ మూయడానికి ఆ చేతులు లేవు.

ఈ పత్రం చదివాక పడే మొదటి వానలోగా, మా అబ్బాయీ చిట్టీ కలిసి దాన్ని పెద్ద బల్ల మీద విప్పాలి. ఊడిన బద్దను అతికించాలి. పలకల మందం, ఒంటి వంపు కొలుచుకోవాలి. చేత్తో కొలుస్తారో మిషనుతో కొలుస్తారో నాకు పట్టింపు లేదు. ఇద్దరూ చెరోలా కొలిచి పోల్చుకుంటే ఇంకా మంచిది. ఆ కొలతతో కొత్త అచ్చు చేయాలి. దాన్ని చెక్కతో చేసుకోండి, ప్లాస్టిక్‌తో చేసుకోండి. కప్పు కారని చోట పెట్టండి. తర్వాత వెనక పలకను తోలు జిగురుతో మూయాలి, ఒకరు పూస్తూ ఒకరు బిగిస్తూ. ఎవరు పూయాలన్న వాదన జిగురు వేడెక్కేలోగా ముగించుకోవాలి. సీసా వాడరాదు. మరలు వాడరాదు. మాట్లాడుకోవాలని షరతు పెట్టడం లేదు. ఆ పని చేసేటప్పుడు "ఊఁ", "ఇటు", "ఇంకో క్లాంపు" అన్న మూడు మాటలు చాలు. మా కాపురం చాలావరకు వాటితోనే గడిచింది.

లోపల ఏదో దాచి ఉంటుందని ఎవరూ ఆశపడవద్దు. దుమ్ము ఉంటుంది.

మూసి ఆరిన తర్వాత ఆ యుకులేలే మా అమ్మాయిది. ఈ కుటుంబంలో వాద్యం కట్టడం రానిదీ, వాయించడం వచ్చినదీ అదొక్కతే. దానికీ ఒకటి ఉండాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

8. పై షరతుకు ఇద్దరిలో ఏ ఒక్కరు ఒప్పుకోకపోయినా, కార్ఖానా మొత్తం పక్కనున్న పరుపుల షాపు యజమానికి చెందుతుంది. ఆయన ఎన్నో ఏళ్లుగా, "అక్కగారూ, ఆ గోడ తీసేస్తే నాకు గోదాము అవుతుంది కదండీ" అని అడుగుతున్నారు. ఎన్నో ఏళ్లుగా ఆయన పరుపులు నా కిటికీకి ఆనించి ఉండి మా వాడి బల్ల మీద వెలుతురు పడనివ్వడం లేదు. ఆయన దూది ఎగిరి వచ్చి ఆరని పాలిష్ మీద వాలుతుంది. కార్ఖానా ఆయనకు పోతే పడుకోవడానికి పనికొస్తుంది. మీ ఇద్దరి పంతం కూడా అక్కడే హాయిగా పడుకుంటుంది.

9. లాయరుగారు రాయమన్నందుకు రాస్తున్నాను. ఈ పత్రం కింద ఏదైనా పొందేవారు దీనికి సాక్షిగా సంతకం పెట్టకూడదు. పెడితే వారికి రాసింది చెల్లదు. కోడలు ఉత్సాహంగా కలం తీసింది, నేనే ఆపాను. స్టవ్ పోయేది.

10. నేను పోయినప్పుడు నా గుణగణాల గురించి ఎవరూ మాట్లాడనక్కర్లేదు. ఎవరైనా ఏదైనా వాయించదలిస్తే శ్రుతి చూసుకుని వాయించండి.

ఇంతవరకూ నిన్న రాశాను. ఈ కింది ముక్క ఇవాళ, సంతకాలప్పుడు చేర్చవలసి వచ్చింది.

డాక్టరుగారు మొదటి సాక్షిగా వచ్చారు. రెండో సాక్షిగా రావాల్సిన లాయరుగారి గుమస్తా రాలేదు. ఇంట్లో జనం ఎందుకున్నారో కనుక్కుందామని పరుపుల షాపు ఆయన తొంగిచూశారు. కాగితం మీద ఆయన ప్రస్తావన ఉందని లాయరుగారు నోరు జారారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఎనిమిదో అంశం నిలబడే చదివారు. చదివి, "ఇదేంటండీ అక్కగారూ? పిల్లల్ని బెదిరించడానికి నన్ను బూచిని చేశారా?" అన్నారు. చేశానన్నాను. "గోదాము కావాలన్నది నిజమే. కానీ పొద్దున్నే ఇవతల ఆ టకటకలు మొదలైతే గానీ నాకు షట్టరు ఎత్తబుద్ధి కాదండీ. ఇన్నేళ్ల అలవాటు" అని, లాయరుగారి జేబులోంచి కలం లాక్కుని, సాక్షి ఎక్కడ పెట్టాలో చూపించమన్నారు. సంతకం పెడితే ఆయనకు రాసింది పోతుందని లాయరుగారు తొమ్మిదో అంశం చదివి వినిపించారు. "తెలిసిందిలెండి. అందుకేగా అడుగుతున్నాను" అన్నారు.

ఆయన మీద నా అభిప్రాయం మార్చుకోవాలా అని ఆలోచిస్తున్నాను. పరుపులు మాత్రం కిటికీ దగ్గర నుంచి తీయాలి.

కాబట్టి ఎనిమిదో అంశం ఇక చెల్లదు. దాని బదులు ఏం రాయమంటారని లాయరుగారు అడిగారు. ఏమీ రాయవద్దన్నాను. నాన్నా, చిట్టీ, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇప్పుడు కార్ఖానా మీ ఇద్దరిదే. మిమ్మల్ని బెదిరించడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

మ్యూజిక్ టీచరుగారికి ఒక పని విడిగా చెప్పి ఉంచాను. ఈ పత్రం చదవడం మొదలుపెట్టే ముందు, పెద్ద బల్ల చివర జిగురు గిన్నె కింద సన్నటి మంట వెలిగించమన్నాను. కత్తి పక్కనే వేడినీళ్లలో ఉంటుంది. మేకు మీది యుకులేలేను దింపి, బల్ల మీద పెట్టి గుడ్డ కప్పి ఉంచమన్నాను, మీ ముందు ఆ గుడ్డ కింద ఉన్నది అదే. ఆవిడ ఈ వాక్యానికి వచ్చేసరికి జిగురు సరిగ్గా కాగి ఉంటుంది.

తేదీ: మార్చి పదిహేడు, మంగళవారం, పగటి వెలుతురులో, కళ్లజోడుతో.

సంతకం: జిగురమ్మ

సాక్షులు:
డాక్టరుగారు (గడియారానికి కొత్త బ్యాటరీ వేయించుకున్నారు)
పరుపుల షాపు యజమాని (ఈ పత్రం కింద ఏమీ పొందనివారు)